గోడ మీద ఎర్ర పేరు

"తప్పయిందని ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని మా అత్తగారు మూసి ఉన్న తలుపును అడుగుతున్నారు.

తలుపు పలకలేదు. లోపల ఉన్న మా ఆడపడుచూ పలకలేదు. నిన్న ఆసుపత్రి నుంచి వచ్చి గదిలో దూరిన పిల్ల, మంచినీళ్లకు తప్ప బయటికి రాలేదు.

"అత్తయ్యా, ముందు తనని కాస్త టీ తాగనివ్వండి," అన్నాను.

"తాగొద్దన్నానా? తాగి, రేపు వెళ్లి చేతులు జోడించమంటున్నాను. పెద్దవాళ్లతో పంతాలకు పోతే నష్టం మనకే."

పెద్దవాళ్లు! ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండింది. రేపు విచారణ పెట్టేది ఆ పెద్దవాళ్లే, తీర్పు చెప్పేదీ వాళ్లే. తీర్పు ఏమిటో ఊళ్లో అందరికీ ముందే తెలుసు.

మా ఆడపడుచుని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదని మా ఆయన పెట్టిన పేరట. ఆ పిచ్చుకే ఇప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రిలో పాత పేషెంట్ల కౌంటర్లో కదలకుండా కూర్చుంటుంది. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినవాళ్ల వివరాలు కంప్యూటర్లో వెతికి, చీటీ ఇచ్చి, డాక్టరు దగ్గరికి పంపాలి.

మొన్న ఆ లైన్లో ఒక ముసలాయన కూలబడ్డాడు. గుండెపోటు. బతికాడు, ఇంకా వార్డులోనే ఉన్నాడు. కొడుకు వచ్చి కేకలేశాడు. అందులో తప్పేమీ లేదు, ఎవరి కొడుకైనా వేస్తాడు. ఆసుపత్రివాళ్లు ఏం చేశారంటే, అతన్ని గోడ మీది బోర్డు దగ్గరికి తీసుకెళ్లారు. ఏ కౌంటర్లో ఎవరు ఎంత ఆలస్యం చేస్తున్నారో చూపించే పెద్ద తెర అది. అందరి కంటే పైన, ఎర్ర అక్షరాల్లో, మా పిచ్చుక పేరుంది. అదిగో, ఆ అమ్మాయే అని వేలెత్తి చూపించి చేతులు దులుపుకున్నారు.

నిర్లక్ష్యం అని రేపు తేలిస్తే ఉద్యోగం ఒక్కటే కాదు పోయేది. రోగి ప్రాణం మీదికి తెచ్చిన పిల్ల అన్న ముద్రతో ఇంకే ఆసుపత్రీ గుమ్మం ఎక్కనివ్వదు.

తలుపు తెరుచుకుంది. పిచ్చుక కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అమ్మా, తెర కదలకపోతే నేనేం చెయ్యను?" అంది పిచ్చుక. "పేరు కొట్టి కూర్చుంటాను. తెర మీద ఆ చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఎదురుగా ఉన్నవాళ్లు తెరని చూడరు, నన్నే చూస్తారు. ఆ ముసలాయన ఒక్కడే 'పర్లేదు తల్లీ, నిదానంగా చూడు' అన్నాడు. అంటూనే కౌంటరు పట్టుకుని జారిపోయాడు."

మా అత్తగారు కొంగుతో కూతురి చెంపలు తుడిచారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. భయం ఎక్కువ, అంతే.

బల్ల దగ్గర టీ తాగుతున్న మా ఆయన కప్పులోంచి తలెత్తలేదు. "చూడు పిచ్చుకా," అన్నారు, "ఇవన్నీ నాలుగు రోజుల గొడవలు. ఇకముందు జాగ్రత్తగా ఉంటానని చెప్పెయ్. ఒకవేళ తీసేశారే అనుకో, కొన్నాళ్లు ఇంట్లో ఉండు. మేం లేమా?"

"మీరుంటే తన పేరు మీద మచ్చ పోతుందా?" అన్నాను.

"నువ్వు ప్రతిదానికీ కోర్టు పెట్టకు."

"కోర్టు పెట్టింది నేను కాదు, ఆసుపత్రివాళ్లు. ఆ ప్రోగ్రాం బాగోగులు చూసేది మన కంపెనీయే కదా! తెర ఆగిపోతోందని ఈ పిల్ల ఎన్నిసార్లు మొత్తుకుంది? ఒక్కరైనా పట్టించుకున్నారా?"

"చూశాం. పది సెకన్లు దాటిన క్వెరీ ఏదైనా రికార్డులో పడుతుంది. నెలాఖరు రిపోర్టు తప్ప ఇంకేమీ లేదు. సిస్టంలో లోపం లేదు."

క్వెరీ అంటే మరేం లేదు, ప్రోగ్రాం డేటాబేసుని అడిగే ప్రశ్న. ఫలానా ఆయన ఎప్పుడొచ్చాడు, ఏ డాక్టరు చూశాడు, ఇలాంటివి. జవాబు ఆలస్యమైతే తెర ఆగిపోతుంది. మా ఆయన ఆఫీసులో నాకు పైఅధికారి. రేపు విచారణలో కంపెనీ తరపున కూర్చుని 'సిస్టంలో లోపం లేదు' అని చెప్పాల్సిందీ ఆయనే. చెల్లెలి మీద విచారణకి అన్నగారు సాక్షి! కంపెనీకి ఇందులో ఎబ్బెట్టుతనమే కనబడలేదు, మా ఆయనకీ కనబడలేదు.

"ఇవాళ నేను చూస్తాను," అన్నాను.

"చూడు. ఎవరొద్దన్నారు?" అన్నారాయన. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. అప్పటికి అది విసుగనుకున్నాను.

* * *

ఆ ప్రోగ్రాం వయసు మా ఆఫీసులో సగంమంది అనుభవం కంటే ఎక్కువ. ఎంతమంది చేతులు పడ్డాయో లెక్కలేదు. రాసినవాళ్లు వెళ్లిపోయారు, వచ్చినవాళ్లు అతుకులు వేశారు, ఆ అతుకుల మీద ఇంకెవరో అతుకులు వేశారు. 'ఇది ముట్టుకోవద్దు, ఎందుకో తెలీదు కానీ పనిచేస్తోంది' అని ఒక మహానుభావుడు మధ్యలో రాసి పెట్టాడు. అందరూ ఆ మాట పాటిస్తున్నారు.

ముందు మా ఆయన చెప్పిన రికార్డే తెరిచాను. నిజమే, పది సెకన్లు దాటినవాటిలో నెలాఖరు రిపోర్టు తప్ప ఏమీ లేదు. నెలకోసారి, జనం లేని వేళ నడిచే రిపోర్టుకి, పొద్దున్నే పిచ్చుక తెర ఆగడానికి ఏమిటి సంబంధం? ఏమీ లేదు. అయినా ఇన్నాళ్లూ ప్రతి ఫిర్యాదుకీ ఆ రిపోర్టునే తిట్టి ఫైలు మూసేశారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. కోపంలోనే కాస్త బుర్ర కూడా పనిచేసింది. పెద్ద దొంగనే పట్టుకుందామని అందరూ గేటు దగ్గర కాపలా కాస్తున్నారు, సరే. రోజంతా చిల్లర ఎత్తుకెళ్లేవాడి సంగతేమిటి? పది సెకన్ల హద్దు తీసేసి, ఎంత చిన్న ప్రశ్ననైనా పట్టుకోమన్నాను. ఒక్కోటి ఎంతసేపు పట్టిందని కాక, రోజు మొత్తం మీద ఒక్కో ప్రశ్న ఎంత సమయం మింగుతోందో కూడి చూశాను.

అంతే, బయటపడింది. ఒక్కో విడతలో రెండు మూడు సెకన్లు తినే క్వెరీ. కానీ ఊపిరి తీసుకోకుండా మళ్లీ మళ్లీ నడుస్తోంది. మిగతావన్నీ కలిపినా దానిలో సగం లేవు.

అది పంపుతున్నదెవరు? గోడ మీది బోర్డు.

నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఎవరు నెమ్మదిగా పనిచేస్తున్నారో లెక్కకట్టే బోర్డే అందరినీ నెమ్మది చేస్తోంది. హాల్లో ఒకటి, సూపర్‌వైజర్ల గదిలో ఒకటి, అడ్మినిస్ట్రేటరు గారి గదిలో ఒకటి. లైను పెరిగేకొద్దీ వాళ్లు బోర్డుని మరింత తరచుగా తాజా లెక్క అడుగుతారు. అడిగేకొద్దీ లైను పెరుగుతుంది. పైగా అది రాసిన పద్ధతి చూడాలి! ఇవాళ వచ్చినవాళ్ల పేజీ తెరిచి చూస్తే సరిపోయేదానికి, ఆసుపత్రి తెరిచిన నాటి నుంచి వచ్చిన ప్రతి మనిషినీ లేపి 'నువ్వు ఇవాళ వచ్చావా?' అని అడుగుతోంది. చనిపోయినవాళ్లని కూడా వదలడం లేదు. సరిగ్గా ఆ పాత వివరాల్లోనే పిచ్చుక తన పేషెంట్లని వెతకాలి. కొత్త పేషెంట్ల కౌంటర్లకి ఆ తిప్పలు లేవు. అందుకే ఎరుపు ఎప్పుడూ తన పేరుకే. ఇవాళ తన బదులు కూర్చున్న కుర్రాడి పేరూ ఎర్రగానే ఉంది.

ఎవడు రాశాడు ఇది అని పళ్లు నూరుతూ కిందికి చదివాను. మధ్యలో లెక్కలు దాచుకోవడానికి ఒక తాత్కాలిక పట్టిక ఉంది. అలాంటివాటికి ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టుకుంటారు, ఒకాయన కుక్కపిల్ల పేరు, ఒకావిడ పూల పేర్లు. దీనికి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టిన పేరు 'పిచ్చుక'.

తలెత్తి చూశాను. అద్దాల గదిలో మా ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు. మాట్లాడుతూ నా వైపే చూస్తున్నారు.

* * *

సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే ఆయనే పైకి వచ్చారు.

"మీకు ఎప్పుడు తెలుసు?" అన్నాను. ఇంకేమీ అడగలేదు.

ఆయన ఒక దుప్పటి కొస పట్టుకుని మడత పెట్టసాగారు. నేను రెండో కొస వదిలేశాను.

"ముసలాయన పడిపోయిన రోజు అనుమానం వచ్చింది," అన్నారు చివరికి. "ఎప్పుడో రాసింది. గడియారం గారు తొందరపెడితే ఒక్క పూటలో రాసిచ్చాను. మన దగ్గర పరీక్షించినప్పుడు పట్టుమని వందమంది పేషెంట్లు కూడా లేరు. రెప్పపాటులో వచ్చేది."

గడియారం గారంటే అడ్మినిస్ట్రేటరు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు లేచారు అన్నదే ఆయన లోకం. ఆ పేరు పిచ్చుకే పెట్టింది.

"రాసినప్పుడు తెలీలేదు, సరే. పొరపాటు ఎవరైనా చేస్తారు. తెలిశాక? పొద్దున ఆ టీ కప్పులో తల దూర్చి, తనని క్షమాపణ చెప్పమని ఎలా అనగలిగారండీ?"

"నన్నేం చెయ్యమంటావు? ఒక మనిషి చావు దాకా వెళ్లొచ్చాడు! అది నా వల్లేనని నా నోటితో చెప్పమంటావా? పోలీసులు, కేసు, కంపెనీ నన్ను బయటికి నెట్టడం... ఇవన్నీ ఆలోచించావా?"

"ఆ పిల్ల నోటితో చెప్పించొచ్చా మరి?"

ఆయన దుప్పటి తీగ మీద పడేశారు. "మెల్లగా నేనే సరిచేస్తాను. ప్రోగ్రాంలో ఒక్క లైను మారిస్తే చాలు. గొడవ సద్దుమణిగాక, ఎవరికీ తెలీకుండా..."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరికీ తెలీకుండానా? తనని తీసేశాక తెరలు పరుగెత్తితే ఏమంటారో తెలుసా? చూశారా, ఆ అమ్మాయి పోయింది, లైను పోయింది అంటారు! అది సరిచెయ్యడం కాదు, తన తప్పుని రుజువు చెయ్యడం!"

కింద వీధిలో ఎవరో తలెత్తి చూశారు. చూస్తే చూడనీ.

"రేపు మీరే చెప్పండి," అన్నాను గొంతు తగ్గించి. "నేను చెబితే వదిన వెనకేసుకొస్తోందంటారు. మీరు చెబితే నమ్ముతారు. మాటలు కూడా అక్కర్లేదు, లైను నిండా ఉన్నప్పుడు అందరి ముందూ ఆ బోర్డు ఆపించండి. తెరలు వాటంతట అవే కదులుతాయి. అది చాలు. మీరు చెప్పకపోతే నేనే ఆపించి చూపిస్తాను."

"సరే," అన్నారాయన.

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని అనుకోలేదు. ఆయన మీద జాలి కూడా కలిగింది. బట్టలు ఎత్తుకుని మెట్ల వైపు తిరిగితే, మలుపులో మా అత్తగారు నిలబడి ఉన్నారు. మొత్తం విన్నట్టున్నారు.

"అమ్మాయ్," అన్నారు నా మోచెయ్యి పట్టుకుని. "దాని ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటుంది. వాడిది పోతే ఈ ఇల్లు ఏమైపోతుంది?"

"తనూ మీరు కన్న పిల్లే కదా అత్తయ్యా!"

"కాదన్నానా?" అన్నారావిడ. కళ్లనిండా నీళ్లున్నాయి, పట్టు మాత్రం వదల్లేదు. ఆ చెయ్యి నేనే విడిపించుకోవాల్సి వచ్చింది.

కింద పిచ్చుక రేపటి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. "క్షమాపణ చెప్పేస్తాను వదినా," అంది తలెత్తకుండా. "అందరికీ తలనొప్పిగా ఉంది నాతో."

"చెప్పకు. ఒక్క మాట కూడా ఒప్పుకోకు. మీ అన్నయ్య మాట్లాడతారు రేపు."

ఇస్త్రీపెట్టె ఆగింది. "అన్నయ్యా? నిజంగానా?"

ఎన్ని రోజులకో ఆ ముఖంలో వెలుగు చూశాను. మర్నాడు ఆ వెలుగే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

* * *

పొద్దున నేను లేచేసరికే మా ఆయన ఆఫీసుకి వెళ్లిపోయారు. పనుందని, నేరుగా ఆసుపత్రికి వస్తానని అత్తగారితో చెప్పారట.

పిచ్చుకకి తోడుగా ఆసుపత్రి హాల్లో అడుగుపెట్టగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. జనం ఉన్నారు కానీ లైను లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే చీటీలు పట్టుకుని వెళ్లిపోతున్నారు. పిచ్చుక కౌంటర్లో తన బదులు వచ్చిన కుర్రాడు కూర్చుని, టకటకా పేర్లు కొడుతూ, మధ్యలో పక్కవాళ్లతో జోకులు కూడా వేస్తున్నాడు. గోడ మీది బోర్డు నిక్షేపంగా వెలుగుతోంది. ఒక్క పేరూ ఎర్రగా లేదు.

మా ఆయన పొద్దున్నే ఏ పని మీద వెళ్లారో అర్థమైంది. ప్రోగ్రాంలో ఆ ఒక్క లైనూ మార్చేశారు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, దానికి ఆ చివర గడియారం గారు, ఆయన పక్కన పెద్ద డాక్టరుగారు. మా ఆయన కంపెనీ బ్యాడ్జీ మెళ్లో వేసుకుని ఒక పక్కగా కూర్చున్నారు. నేను చూశాను. ఆయన చూడలేదు.

"మేం ఎవరికీ అన్యాయం చెయ్యం," అని గడియారం గారు మొదలుపెట్టారు. అలా మొదలుపెట్టేవాళ్లని నేను నమ్మను. "అమ్మాయి తెర ఆగిపోతోందంది. ఇదిగో అదే తెర, అదే కౌంటరు, అదే కంప్యూటరు. మనిషి మారాడు. చూడండి." రిమోటు నొక్కితే ఆ గది గోడ మీద కూడా బోర్డు వెలిగింది. అన్నీ ఆకుపచ్చ పేర్లే.

"నిన్న ఇదే అబ్బాయి పేరు ఎర్రగా ఉంది కదండీ!" అన్నాను. "నిన్న లేనిది ఇవాళ ఎలా వచ్చింది?"

"నిన్న కొత్త కదమ్మా. ఒక్క రోజులో చెయ్యి తిరిగింది. ఇన్నేళ్లయినా ఈ అమ్మాయికి తిరగలేదు. అదే మేం చెప్పేది!"

పెద్ద డాక్టరుగారు తలూపారు. నా సంచిలో నిన్నటి లెక్కలున్నాయి. వాటిని తీస్తే ఎవరు చూస్తారు? కళ్లెదురుగా పరుగెత్తే లైనుంటే వదినగారి కాగితాలు ఎవరిక్కావాలి? ఈ బోర్డు ఆపించి చూపిస్తానని నిన్న మేడ మీద నేనే చెప్పాను, ఆయనకే చెప్పాను. ఇప్పుడు ఆపించినా ఏమీ మారదు.

పిచ్చుక గోడ వైపే చూస్తోంది. రెప్ప వేయడం లేదు.

"పేరు కొట్టగానే వచ్చేస్తోందా?" అని అడిగింది, ఎవరినో తెలీకుండా.

"చూస్తున్నావుగా," అన్నారు గడియారం గారు.

ఆ పిల్ల తన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూసుకుంది. వేళ్లు ఒకసారి ముడిచి, మళ్లీ చాపింది. "ఇన్నాళ్లూ తెరే కదలట్లేదనుకున్నాను వదినా," అంది మెల్లగా. "నా చేతులే కదల్లేదేమో. ఆ పెద్దాయన పడిపోయింది నిజంగా నా వల్లేనేమో."

"కాదు!" అన్నాను. నా గొంతు ఆ గదికి ఎక్కువైంది.

"మీరుండండమ్మా. ఆమె ఒప్పుకుంటోంది కదా," అన్నారు గడియారం గారు.

పిచ్చుక నా మాట విన్లేదు, ఆయన మాటా విన్లేదు. కుర్చీలోనే మా ఆయన వైపు తిరిగింది. ముఖంలో నింద లేదు. చిన్నపిల్ల లెక్క చేసి పెద్దవాళ్లకి చూపించినట్టుగా చూసింది.

"అన్నయ్యా, నువ్వు మాట్లాడతావని వదిన చెప్పింది. నీకు ఇవన్నీ తెలుసు. నువ్వు చెబితే నేను నమ్ముతాను. తప్పు నాదేనా?"

మా ఆయన లేచి నిలబడ్డారు. బ్యాడ్జీ సర్దుకున్నారు. చెల్లెలి వైపు చూడలేదు, గడియారం గారి వైపు తిరిగారు.

"కంపెనీ తరపున..." అని మొదలుపెట్టారు.

నేను సంచిలోంచి నిన్నటి లెక్కలు తీసి, కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.